చరిత్ర ఉండగా చదువెందుకు?

కాలేజీల్లో పాఠాలు చెప్పడం తక్షణం మానేయాలని నా గట్టి అభిప్రాయం!

కోప్పడకండి. నేను తొందరపడి నోరు జారే మనిషిని కాను. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఫైళ్లు చూస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. తొందర అనే జబ్బు నాకు సర్వీసులో చేరిన కొత్తలోనే నయమైంది. పాఠాలు చెబితే కొంపలు ఎలా మునుగుతాయో మా అమ్మాయి సాత్విక పుణ్యాన ఇంట్లోనే చూశాను. పాఠాలు మానేస్తే ఎంత సుఖమో ఆమె చదివే కాలేజీలో చూశాను. రెండూ చూసినవాడు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

ఆ కాలేజీ పేరు సెయింట్ ఆస్వాల్డ్. ఆటోవాడికి ఆ పేరు చెబితే తెలియదు. ‘ముఖర్జీ నగర్ దాటాక పాత చర్చి ఉంటుంది భయ్యా’ అనాలి. తెల్లవాళ్ల కాలంలో ఓ మిషనరీ దొర పెట్టాడు. ఒక ప్రార్థన మందిరం, దాన్నానుకుని ఒక పాత బడిగది, తర్వాత కట్టిన రెండు వరసల క్లాసు గదులు, అంతే. ఇప్పటికీ చర్చి ట్రస్టే నడుపుతోంది. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం చెబుతారు. అంటే, పిల్ల ఏం చదువుతోందని బంధువులు అడిగినప్పుడు మనం దగ్గి, మంచినీళ్లు తాగి, మాట మార్చే సబ్జెక్టులన్నమాట.

మా ఆఫీసులో నా పక్క సీటు రాజగోపాల్‌కి ఈ బాధ లేదు. వాళ్లబ్బాయి నవదీప్ గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్. అద్దాల బిల్డింగు, ఏసీ బస్సు, ఫుడ్ కోర్టు! ‘ఈ సెమిస్టర్‌లో ఏం చదువుతున్నావు బాబూ?’ అని ఓసారి అడిగాను. ‘పతా నహీ అంకుల్’, తెలియదు అన్నాడు నవ్వుతూ. ఆ ముఖంలో ఎంత ప్రశాంతత! అది చూసి నాకు కుళ్లు పుట్టిందని చెప్పడానికి సిగ్గుపడను.

మా పిల్లకు ఆ ప్రశాంతత లేకుండా చేసింది ఒక బల్ల.

సెయింట్ ఆస్వాల్డ్‌లో చరిత్ర విభాగం ఆ పాత బడిగదిలోనే ఉండేది. అక్కడొక గుండ్రటి బల్ల. ప్రతి మంగళవారం నలుగురు పిల్లలు, ఒక మాస్టారు దాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు తాను సొంతంగా రాసుకొచ్చిన వ్యాసం పైకి చదువుతారు. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. చదవడం అయ్యాక టీ వస్తుంది. టీ తాగుతూ మాస్టారు ఒక ప్రశ్న వేస్తారు. ఆ కాలేజీ పుట్టినప్పటి నుంచీ అదే ఆచారమట. మాస్టారి పేరు మసీహ్. బరేలీవైపు మనిషి. మోచేతుల దగ్గర అతుకులు వేసిన గోధుమరంగు కోటు వేసుకుంటారు. పెద్దగా మాట్లాడరు. ఎవరు ఏ వ్యాసం చదివినా ఆయన ప్రశ్న మాత్రం ఒకటే.

“అచ్ఛా బేటా. పర్ ఆప్‌కో కైసే పతా?”

అంటే, ‘బాగానే ఉందమ్మా, కానీ నీకెలా తెలుసు?’ అని. పిల్ల జవాబు చెబితే ఆ జవాబులోంచి ఇంకో ప్రశ్న. దానికి చెబితే మరొకటి. టీ చల్లారిపోతుంది. పిల్ల ఇంటికొచ్చి వ్యాసం మళ్లీ మొదటినుంచి రాసుకుంటుంది. ఒక్క వాక్యం కోసం మా సాత్విక వారమంతా సతమతమైన రోజులున్నాయి. ఇదేం చదువండీ? నవదీప్ అదే వారంలో మొత్తం సిలబస్ డౌన్‌లోడ్ చేశాడు!

పోనీ, ఆ గోల బల్ల దగ్గరే ఆగిందా? ఇంట్లోకి వచ్చింది. ‘ఈ ఏడు చలి ఎక్కువే’ అంటే ‘కైసే పతా డాడీ?’ అంటుంది. మా క్వార్టర్స్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన కాకరకాయ రసం మహిమను పదిమందికి పంపబోతే, చెయ్యి పట్టుకుని ఆపుతుంది. మా ఆవిడ అనసూయ ఓ సాయంత్రం పాపం ఎంతో ఉత్సాహంగా కబురు మోసుకొచ్చింది.

“కింద ఫ్లాట్ రేవతిగారి కోడలు మహా గయ్యాళిదటండీ!”

“సోర్స్ ఎవరు మమ్మీ?” అంది సాత్విక.

“సోర్సేవిటే నీ మొహం! రేవతిగారే చెప్పారు.”

“వో తో సాస్ హై నా! అత్తగారి మాట అది. కోడలిని అడిగావా?”

ఆ రోజునుంచి మా ఇంట్లో కబుర్లు సగానికి సగం తగ్గిపోయాయి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే వంశం మాది. తరతరాలుగా కట్టేస్తూనే ఉన్నాం, హాయిగా ఉన్నాం. నేను ఆఫీసులో చేసేది కూడా అదే కదా! ఎద్దు ఈనిందని కిందినుంచి ఫైలు వస్తే, పలుపుతాడు కొనడానికి అనుమతి ఇచ్చి పైకి పంపుతాను. అలాంటి ఇంట్లో ‘ఎద్దు ఎలా ఈనుతుంది?’ అని అడిగే పిల్ల తయారైతే సంసారం సాగుతుందా?

దేవుడు నా మొర ఆలకించాడు. కాలేజీకి శతాబ్ది వచ్చింది.

ట్రస్టువాళ్లు ఉత్సవాల కోసం సాకేత్‌లోని ఒక కన్సల్టెన్సీని పెట్టుకున్నారు. అక్కడినుంచి నేహా అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, ఏ మాటైనా చిరునవ్వుతో చెబుతుంది. కాలేజీ అంతా తిరిగి చూసి, తల్లిదండ్రుల మీటింగులో స్లైడ్ వేసి మరీ చెప్పింది. “మీ కాలేజీకి ఉన్న అతి పెద్ద ఆస్తి హిస్టరీ. దాన్ని మీరు వాడుకోవడం లేదు!”

మర్నెలలోనే వాడుకోవడం మొదలైంది. ముందుగా హిస్టరీ డిపార్ట్‌మెంట్ ఎత్తేశారు. ఎందుకంటారేమిటి? చరిత్రకు చోటు కావాలి కదా! ఆ బడిగది ‘హెరిటేజ్ సెంటర్’ అయింది. కాలేజీ చరిత్రను ప్రదర్శించడానికి చరిత్ర పాఠాన్ని బయటికి పంపడంలో ఉన్న దూరదృష్టి నన్ను ముగ్ధుణ్ణి చేసింది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే మొదటివాణ్ణి.

తత్వశాస్త్రం గదిని వెల్‌నెస్ స్టూడియో చేశారు. ఆలోచించేచోట ఇప్పుడు ఊపిరి పీలుస్తున్నారు. లైబ్రరీలో బీరువాలు తీసేసి, ఆ చోటును ముఖర్జీ నగర్ సివిల్స్ పిల్లలకు సీట్ల లెక్కన అద్దెకిచ్చారు. పాపం, పుస్తకాల వల్ల చదువుకునేవాళ్లకు చోటు ఇరుకవుతోందట! చర్చి తోటలో పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోలకు అనుమతిచ్చారు. శనాదివారాల్లో లెహంగాల కుచ్చెళ్లు తొక్కకుండా క్లాసుకు వెళ్లడం కష్టం. గేటు మీద లాటిన్‌లో రెండు ముక్కలున్నాయి. ‘ముందు విను’ అని వాటి అర్థమని మసీహ్ మాస్టారు చెప్పేవారట. బ్రోషర్‌లో ఆ రెండు ముక్కలకే ‘ఎక్సలెన్స్, లీడర్‌షిప్, ఇన్నోవేషన్, ప్లేస్‌మెంట్’ అని వేశారు. రెండింటికి నాలుగు! ఇంత లాభసాటి అనువాదం ఎక్కడైనా చూశారా?

ఇక పాఠాలంటారా? గెస్ట్ టీచర్లు వస్తారు, పిల్లలకు వాళ్ల పేరు నోటపట్టేలోగా వెళ్లిపోతారు. అనుబంధాలు, కన్నీళ్లు లేని విద్య! స్లైడ్లు ముందే ఫోన్‌కి వస్తాయి. హాజరు సంగతి యాప్ ముఖం చూసి వేసుకుంటుంది. పిల్లకు ముఖం ఉంటే చాలు, తల అక్కర్లేదు.

మా సాత్వికకు మాత్రం ఈ సుఖం ఒంటికి పడలేదు. ఆఖరి సంవత్సరంలో ఒక పెద్ద పరిశోధన వ్యాసం రాయాలి. మసీహ్ మాస్టారి దగ్గరే రాయాలని మొదటి ఏడాదినుంచీ కలలు కంటోంది. ఆ వ్యాసం బాగా వస్తే పైచదువు, ఆ దారినే తనూ మాస్టారు కావాలని ఆమె కోరిక. సరిగ్గా అప్పుడే ఆయన రిటైరయ్యారు, పోస్టు రద్దయింది. ఈవెంట్ మేనేజ్‌మెంట్ చెప్పే గెస్ట్ టీచర్‌ను ఆమెకు గైడుగా వేశారు. ఆయన ఉదారుడు. “కుచ్ భీ సబ్మిట్ కర్ దో బేటా, నో ప్రాబ్లమ్” అన్నాడట. ఏది రాసిచ్చినా సరేనన్నమాట! అంతకంటే ఏం కావాలి? ఆ పిల్ల ఆ రోజు అన్నం తినలేదు.

అప్పుడు నేహాకే ఒక ఆలోచన వచ్చింది. హెరిటేజ్ సెంటర్‌లో వస్తువులు తక్కువయ్యాయి. వ్యవస్థాపక దొరగారి కుర్చీ అని ఒకటి పెట్టారు. అది కీర్తినగర్ ఫర్నిచర్ బజారులో చేయించి, పాతదిలా కనబడే పాలిష్ వేయించినది. పెరట్లో యూకలిప్టస్ చెట్టుకు ‘వైస్రాయి నాటినది’ అని పలక తగిలించారు. ఆ చెట్టు నాటడం తాను చూశానని క్యాంటీన్ దీదీ అంటుంది, ఆవిడకు ఇంకా రిటైర్మెంట్ వయసు రాలేదు. అయినా ఏదో వెలితి! అందుకని మంగళవారం బల్లనే ప్రదర్శనకు పెట్టారు. చుట్టూ ఎర్ర తాడు కట్టారు. శనివారం శనివారం సందర్శకులు వచ్చినప్పుడు మసీహ్ మాస్టారు, నలుగురు పిల్లలు అక్కడ కూర్చుని, పూర్వం చదువు ఎలా ఉండేదో నటించి చూపాలి. మాస్టారికి ‘హెరిటేజ్ రిసోర్స్ పర్సన్’ అని కొత్త హోదా. చదవాల్సిన వ్యాసం నేహాయే రాసిచ్చింది. దాని పేరు ‘మన వ్యవస్థాపకుల విజన్’.

ఒకటి రెండు వారాలు పిల్లలు అదే చదివారు. తర్వాత సాత్విక నెమ్మదిగా ఆ కాగితాల స్థానంలో తన పరిశోధన వ్యాసం పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మాస్టారు ఒక్క క్షణం తలెత్తి చూశారట. పూర్తిగా విన్నారు. టీ కప్పు చేతిలోకి తీసుకుని ఎప్పటి ప్రశ్నే వేశారు. తాడు బయట జనం సెల్ఫీలు తీసుకుంటూనే ఉన్నారు, ఎవరూ కనిపెట్టలేదు. ఢిల్లీలో ఏదైనా రహస్యంగా చేయాలంటే అందరి ముందూ చేయాలి! అలా చలికాలమంతా ఆ కాలేజీలో జరిగిన ఒకే ఒక్క అసలు క్లాసు తాడు లోపల నాటకం పేరుతో జరిగింది. ఆ రోజుల్లో మా అమ్మాయి మళ్లీ అన్నం తిన్నది. మళ్లీ నా చలిని, మా ఆవిడ కబుర్లను ప్రశ్నించింది. నాకు ఎంత చిరాకుగా ఉండేదో మీకు చెప్పలేను. ఎంత సంతోషంగా ఉండేదో కూడా చెప్పలేను.

వ్యవస్థాపకుల దినం వచ్చింది. మమ్మల్ని పిలిచారు. నేను, అనసూయ, చూద్దామని వెంట వచ్చిన రాజగోపాల్ తాడు పక్కన నిలబడ్డాం. ట్రస్టు అధ్యక్షులు బిషప్ గారు ముందు వరసలో కూర్చున్నారు. గోడల్లో పాతకాలపు దీపపు గూళ్లున్నాయి. వాటిలో నేహా ఎల్‌ఈడీ బల్బులు పెట్టించింది, ముచ్చటగా వెలుగుతున్నాయి.

సాత్విక చదివింది. మొదట్లో ఈ కాలేజీలో చదివినవాళ్లు బ్రోషర్‌లో వేసినట్టు గొప్పింటి పిల్లలు కారనీ, సివిల్ లైన్స్ బంగళాల్లో పనిచేసే వంటవాళ్లు, దర్జీలు, గుర్రాలవాళ్లు పగలంతా పనిచేసి వచ్చి అక్షరాలు దిద్దుకున్నారనీ ఆ వ్యాసం. మాస్టారు టీ ఒక గుక్క తాగారు.

“ఆప్‌కో కైసే పతా?”

“చర్చి వెనక గల్లీలో పాత ఇళ్లన్నీ తిరిగాను సర్. అందరూ తాతల గురించి అదే చెప్పారు.”

“తాతల గురించి అందరూ గొప్పగానే చెబుతారు. జ్ఞాపకం తప్పు కావచ్చు కదా?” అన్నారు ఆయన హిందీలో, మెత్తగా.

“అవును సర్. అందుకే ఈ గోడలు చూశాను.” సాత్విక లేచి నిలబడింది. “దీపపు గూళ్లు మోకాలెత్తులో ఉన్నాయి. కుర్చీల్లో కూర్చునేవాళ్లకైతే ఇంకా పైన పెట్టాలి. ఇక్కడ చదువుకున్నవాళ్లు నేల మీద కూర్చున్నారు. లోపలంతా దీపాల మసి ఉండేది, మొన్న పెయింట్ వేయకముందు నేను ఫోటో తీశాను. పగలు వచ్చేవాళ్లకు దీపాలెందుకు?”

గదిలో ఉన్నవాళ్లందరూ వంగి గూళ్లవైపు చూశారు. నేనూ వంగాను. ఎల్‌ఈడీ వెలుగు సరిగ్గా మోకాళ్ల దగ్గరే ఉంది. అంతసేపటినుంచీ కళ్లెదుటే ఉన్నదాన్ని ఎవరమూ చూడలేదు.

“మరి దొరగారు ఎక్కడ కూర్చునేవారు?” అన్నారు మాస్టారు.

“అది ఇంకా తెలియదు సర్” అంది సాత్విక. ఆ మాట విన్నప్పుడు మసీహ్ మాస్టారి ముఖం వెలిగింది. ఒక పిల్ల ‘తెలియదు’ అంటే అంతగా మురిసిపోయిన మనిషిని నేను చూడలేదు.

జనం చూపులు కీర్తినగర్ కుర్చీ మీదికి మళ్లాయి. నేహా చిరునవ్వుతో టైమ్ అయిందంది. బిషప్ గారు గూడు దగ్గర మోకాళ్ల నొప్పితో వంగి చూసి, ‘వెరీ ఇంట్రెస్టింగ్’ అన్నారు. మా ఆఫీసు భాషలో దానికి ‘పరిశీలించవచ్చు’ అని పేరు. పరిశీలించవచ్చు అని రాసిన ఫైలు మళ్లీ తెరవడం నేనైతే చూడలేదు.

రాజగోపాల్ నా చెవిలో అడిగాడు. “గిది నాటకమా భాయ్, అసలు చదువేనా?”

“నాటకమే” అన్నాను.

“గట్లనా! మా నవదీప్ కాలేజీల గిసుంటి నాటకం ఒక్కటన్న పెడితే బాగుండు.”

ఆయన అమాయకుడు. ఆయన మాటలు పట్టించుకోకండి.

సోమవారానికి మెయిల్ వచ్చింది. సందర్శకుల సౌకర్యం దృష్ట్యా సజీవ ప్రదర్శన నిలిపివేస్తున్నామని, ఆ స్థానంలో బొమ్మలు వస్తాయని. మసీహ్ మాస్టారి కాంట్రాక్టు పొడిగించలేదు. బొమ్మకు తొడగడానికి ఆయన పాత కోటు అడిగితే, నవ్వుతూ విప్పి ఇచ్చారట. ఆ చలిలోనే బరేలీలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు.

బొమ్మను నేను వెళ్లి చూశాను. అద్భుతంగా కుదిరింది! మోచేతుల అతుకులతో సహా అచ్చం ఆయనే. ముందొక బటన్ ఉంది. నొక్కితే ఆయన గొంతుతోనే ‘ఆప్‌కో కైసే పతా?’ అని అడుగుతుంది. సందర్శకులు పకపకా నవ్వి, ఫోటో దిగి, వెల్‌నెస్ స్టూడియో వైపు వెళ్లిపోతారు. రిటైర్ కాదు, టీ అడగదు, ‘తెలియదు’ అంటే మురిసిపోదు. ఇంతకంటే ఆదర్శ అధ్యాపకుడు దేశంలో ఉన్నాడా?

నా వాదన ఇక్కడితో పూర్తయ్యేదే. కానీ మొన్న మంగళవారం ఒక చిన్న సంగతి జరిగింది. సాయంత్రం సాత్విక వచ్చి మా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. అనసూయ ఏమీ అడక్కుండా టీ పెట్టి తెచ్చింది.

“డాడీ, ఆఖరి చాప్టర్ చదువుతాను. ప్లీజ్, వినండి.”

చదివింది. విన్నాను. కనీసం కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

“చాలా బాగుందమ్మా” అన్నాను.

“బాగుందని వద్దు డాడీ. అడగండి.”

ఆ ప్రశ్న నాకు తెలిసినదే కదా! గొంతు సవరించుకుని, “ఆప్‌కో కైసే పతా?” అన్నాను. దాని ముఖంలో ఆశ కనబడింది. టీ పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. గల్లీలో ముసలమ్మలు ఏమన్నారో, ఏది నమ్మిందో, ఏది నమ్మలేదో, ఎందుకో అంతా చెప్పింది. చెప్పి ఆగి, నా వంక చూసింది. ఆ జవాబులోంచి పుట్టాల్సిన తర్వాతి ప్రశ్న కోసం చూసింది.

నా దగ్గర లేదు. ఎంత వెతికినా లేదు. చివరికి, “ఎన్ని పేజీలు వచ్చాయి?” అన్నాను.

సాత్విక కోప్పడలేదు. కాగితాలు సర్దుకుని, “ఠీక్ హై డాడీ, థాంక్యూ” అని లోపలికి వెళ్లిపోయింది. అనసూయ కప్పులు తీస్తూ నా వైపు చూడలేదు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, ఢిల్లీ పొగ వల్లేననుకుందాం.

నేహాగారూ, ఈ వ్యాసం మీ కంటపడితే ఒక విన్నపం. మీ బల్ల దగ్గర మాస్టారి బొమ్మ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉండటం చూశాను. నేను కూడా బటన్ నొక్కితే ప్రశ్న అడగగలను, జవాబు మాత్రం వినలేను. అన్ని అర్హతలూ ఉన్నాయి కాబట్టి నా కోటు కొలతలు పంపిస్తున్నాను, తాడు కాస్త ఎత్తి నన్ను లోపల కూర్చోబెట్టండి.